చిన్నాకి, తీరిక దొరికినప్పుడు చదువుకో

ప్రియమైన చిన్నా,

ప్రభువు నామంలో శుభములు. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కు పడకుండా పైపైన చూసి వదిలేస్తావని ఈసారి మెయిల్ రాస్తున్నాను. ప్రత్యేకంగా ఏమీ లేదు, కంగారు పడకు. నాన్నకి షుగర్ అదుపులోనే ఉంది. పొద్దున నడక మానేశారు, నేను అరిస్తే సాయంత్రం వెళ్తానంటారు, సాయంత్రం అయితే టీవీ. వెనకవైపు గోడ మళ్ళీ వానకి కూలింది. బుజ్జి కొడుక్కి ముందు పన్ను ఊడింది, ఫోటో పంపిందట, చూశావా?

మొన్న కరుణ పిన్ని న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. మాటల్లో మాటగా, వాళ్ళ తోడికోడలు వెళ్ళే తెలుగు సంఘంలో నువ్వు నాలుగు నెలలుగా కనపడలేదంట, ఈస్టరుకి కూడా రాలేదంట అని చెప్పింది. నేను వెంటనే "వాడికి పరీక్షలు" అన్నాను. నీ కోసం ఆడిన అబద్ధం కాబట్టి సగం పాపం నీది. మూడు ఆదివారాలుగా నువ్వు ఫోన్ చెయ్యకపోవడానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. నాన్నకి మాత్రం చెప్పలేదు. సంఘ పెద్ద కొడుకు అంటే ఇక్కడ నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు, ఆయనకి బీపీ కూడాను.

బుజ్జిని గట్టిగా అడిగితే నువ్వేదో డగ్లస్ పుస్తకం చదివావనీ, "అమ్మ చదివితే ఆవిడకే తెలుస్తుంది" అన్నావనీ చెప్పింది. ముప్ఫై రెండేళ్ళు పదో తరగతికి ఇంగ్లీషు చెప్పినదాన్ని, నాకు పుస్తకం పేరు చెప్పి భయపెడతావా? ఫోన్‌లో ఉచితంగానే దొరికింది. అక్షరాలు పెద్దవి చేసుకుని అయిదు రోజుల్లో చదివేశాను. ఫ్రెడరిక్ డగ్లస్ అని, బానిసగా పుట్టి పారిపోయినవాడు, తన కథే 1845లో రాశాడట. నువ్వు ఉంటున్న బాల్టిమోర్‌లోనే చిన్నప్పుడు బానిసగా ఉన్నాడు, యజమానురాలు సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పింది. మొదట్లో ఆవిడ ఎంత మంచిదో, ఆకలన్నవాడికి రొట్టె పెట్టేది. బానిసకి చదువు చెప్పకూడదని మొగుడు ఆపిన తర్వాత, పిల్లాడి చేతిలో పేపరు కనపడితే లాక్కునేదట. టీచరుగా నాకు ఎక్కువ బాధేసింది అక్కడే. చేతులారా నేర్పిన చదువుని చేతులారా లాక్కోవడం.

తర్వాత అతని ఇంకో యజమాని, ఆ థామస్ ఆల్డ్. ఈ భాగం కోసమే నువ్వు నన్ను చదవమన్నావని తెలుసు. 1832 ఆగస్టులో మెథడిస్టుల ఉజ్జీవ కూటాలకి వెళ్ళి రక్షణ పొందానన్నాడు. మనిషి మారాడు కదా, బానిసల్ని విడిచిపెడతాడేమో, కనీసం దయగానైనా ఉంటాడేమో అని పిల్లాడు ఆశపడ్డాడు. రెండూ జరగలేదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ప్రార్థనలు. ఇల్లంతా ప్రసంగీకులు, వాళ్ళకి విందులు. పనిచేసేవాళ్ళకి పస్తులు. నిప్పుల్లో పడి చేతులు కాలి పనికిరాకుండా పోయిన హెన్నీ అనే పిల్లని పొద్దున్నే కట్టేసి కొట్టి, పనికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి వచ్చి మళ్ళీ కొట్టేవాడట. పైగా లూకా పన్నెండు, నలభై ఏడు చెప్పేవాడు. "అనేకమైన దెబ్బలు తగులును." ఆ వచనం నేను సండే స్కూల్లో మీ చేత కంఠస్థం చేయించాను చిన్నా. గుర్తుందా? నీకు పెన్సిల్ బాక్సు ఇచ్చారు. చదువుతూ ఉంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, నాన్న వచ్చి కట్టేశారు.

వారానికోసారి బానిసలకి వాక్యం చదవడం నేర్పుదామని కూర్చుంటే, అదే సంఘం పెద్దలు కర్రలతో వచ్చి తరిమేశారట. నాన్న లాంటి పెద్దలే కదా వాళ్ళూ. పాపం, నాన్నని అనకూడదు.

అందరూ అలాగే లేరని కూడా రాశాడు, అది నువ్వు చూసి ఉండాలి. కుక్‌మన్ అని ఒక ప్రసంగీకుడు, ఆయన వచ్చినప్పుడు తప్పకుండా బానిసల్ని కూడా ప్రార్థనకి పిలిచేవారు, వీళ్ళంతా ఆయన్ని ప్రేమించారు. పుస్తకం చివర ఇంకో మాట చేర్చాడు. ఇదంతా చదివి నేను మతానికే వ్యతిరేకినని ఎక్కడ అనుకుంటారో, నేనన్నది బానిసల్ని కొనే అమ్మే మతం గురించే, క్రీస్తు మతం గురించి కాదు, రెంటికీ మధ్య చాలా దూరం ఉంది అని. నువ్వు చివరి దాకా చదివావా లేక సగంలో కోపం వచ్చి మూసేశావా? నువ్వు కోపం వస్తే అన్నం కూడా సగంలో వదిలేసే రకం.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను. కానీ ఒక్కటి చెప్తాను. అదే 1845లో అమెరికాలో బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. బానిసల్ని ఉంచుకున్నవాణ్ణి మిషనరీగా పంపం అని ఉత్తరాది వాళ్ళ మిషన్ బోర్డు అంది, దక్షిణాది వాళ్ళు జార్జియాలో కూర్చుని వేరే సంఘం పెట్టుకున్నారు. మన నెల్లూరు మిషన్ 1840 నుంచే ఉంది కదా, అది ఆ ఉత్తరాది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. మీ నాన్న తాతగారు అక్షరాలు దిద్దిన బడి అది. అంటే మనం మంచివైపు ఉన్నామని గొప్ప చెప్పడం లేదు. అప్పుడు పలక పట్టుకున్నవాళ్ళకి వెనక ఇంత గొడవ ఉందని తెలిసి ఉండదు, అంతే.

నీ డగ్లస్ రాసిన రెండో పుస్తకం కూడా తెరిచాను. 1855ది. అందులో, పారిపోయి న్యూ బెడ్‌ఫర్డ్ వెళ్ళాక, బానిసత్వం లేని ఊరు కదా అని ఒక తెల్లవాళ్ళ చర్చిలో చేరాడు. ప్రభువు బల్ల రోజున ముందు తెల్లవాళ్ళంతా బల్ల చుట్టూ చేరి రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నారు. నల్లవాళ్ళు అరడజను మంది వెనక మూల. అందరికీ అయ్యాక పాస్టరు గారు ఆ మూలకి తిరిగి, మీరూ రండి, దేవుడు పక్షపాతి కాడు అన్నాడట. డగ్లస్ బయటికి నడిచాడు, మళ్ళీ ఆ చర్చికి వెళ్ళలేదు. తర్వాత తన వాళ్ళ చిన్న సంఘంలో చేరి అక్కడ ప్రసంగాలు కూడా చేశాడు. చూశావా, మానెయ్యలేదు, మార్చాడు అని నీకు రాద్దామనుకున్నాను. కానీ అదే వాక్యం చివర, బానిసత్వం విషయంలో వాళ్ళూ సర్దుకుపోతున్నారని అక్కడి నుంచి కూడా వచ్చేశానన్నాడు. అది చదవనట్టు ఉండిపోదామనుకున్నాను గానీ నువ్వు చదివే ఉంటావు.

ఆ మూల దగ్గర నేను ఆగిపోయాను. నీకు ఎనిమిదేళ్ళప్పటి క్రిస్మస్ రాత్రి గుర్తుందా? మన సంఘం క్యారల్స్ వాళ్ళు పన్నెండింటికి వచ్చారు, టీ ఇచ్చాను, తాతయ్య పేరు చెక్కించిన స్టీలు గ్లాసుల్లో. రెండింటికి పేట నుంచి ఇంకో గుంపు వచ్చింది, డోలక్, తాంబూరా, చలికి చెవులకి తువ్వాళ్ళు చుట్టుకుని. వాళ్ళకని నేను పేపర్ కప్పులు తీసి పెట్టుకున్నాను. నువ్వు నిద్ర కళ్ళతో లేచి, సాయం చేద్దామని, కడిగి బోర్లించిన గ్లాసుల్లో టీ పోయించుకుని పళ్ళెంలో పెట్టుకెళ్ళి డోలక్ తాతకి ఇచ్చావు. ఆయన గ్లాసు అందుకున్నాడు. నేను వెనకాలే వచ్చాను. ఏమీ అనలేదు చిన్నా, ఒట్టు, ఒక్క మాట అనలేదు. ఊరికే చూశాను. ఆయన గ్లాసు నెమ్మదిగా అరుగు మీద పెట్టేసి, "కప్పులో ఇయ్యమ్మా, చెయ్యి కాలకుండా ఉంటది" అన్నాడు. నేను కప్పులో పోశాను. ఆ గ్లాసు అరుగు మీద అలాగే ఉంది, ఆవిరి పోతూ. వాళ్ళు "రక్షకుడు పుట్టెను" అని పాడి, మన ఇంటి కోసం ప్రార్థన చేసి, నీ తల మీద చెయ్యి పెట్టి వెళ్ళారు. మర్నాడు నువ్వు అడిగావు, వాళ్ళకి కప్పులెందుకని. గ్లాసులు సరిపోలేదురా అన్నాను. అల్మరాలో ఇరవై నాలుగు ఉన్నాయి. నువ్వు కుర్చీ ఎక్కి లెక్కపెట్టావు, నేను వంటింట్లోంచి చూశాను. నువ్వు ఏమీ అనలేదు. నువ్వు ఇప్పటికీ అంతే, లెక్కపెట్టుకుని ఊరుకుంటావు.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదిది. సాక్ష్యాల్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు. నీ సంగతి దానివల్లో, ఆ పుస్తకం వల్లో, అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారో నాకు తెలీదు. అడగడం లేదు కూడా.

హ్యారియట్ జేకబ్స్ అని ఇంకొకావిడ రాసింది కూడా మొదలుపెట్టాను, నార్త్ కరోలినాలో బానిసగా ఉన్న ఆవిడ. అందులో యాభై మూడేళ్ళ ముసలాయన, చదివితే తన్నులు తినే రోజుల్లో, దొంగచాటుగా ఆవిడ దగ్గర అక్షరాలు నేర్చుకుని ఆరు నెల్లలోపు కొత్త నిబంధన మొత్తం చదివేశాడు. ప్రసంగాల్లో వాళ్ళకి చెప్పేది ఒకటే, ఎఫెసీ ఆరు, అయిదు, దాసులారా విధేయులై ఉండుడి అని. హోవర్డ్ థర్మన్ అనే పాస్టరు గారి అమ్మమ్మ ఒకప్పుడు బానిస, ఆవిడ తనకి బైబిల్ చదివి వినిపించే మనవడి చేత పౌలు పత్రికలు చదివించుకునేది కాదట, ఎప్పుడైనా మొదటి కొరింథీ పదమూడు తప్ప. పౌలు రాసిన ఆ దాసుల వచనం యజమాని ప్రసంగీకుడి నోట అన్నిసార్లు విన్నది. పుస్తకం మొత్తం పారేయకుండా, తనకి పనికిరాని పేజీలు మాత్రం వదిలేసింది. మా అమ్మమ్మ అయితే ఒక్క వచనం దాటనిచ్చేది కాదు, చదివేటప్పుడు నిద్రపోతే గిచ్చేది.

సరే. నీ చలికోటు జిప్పు పోయిందన్నావు కదా, బాగుచేయించుకున్నావా? పిన్నుతో పెట్టుకుని తిరుగుతున్నావేమో. కందిపొడి, ఉసిరికాయ పచ్చడి పిన్నీ వాళ్ళబ్బాయి వస్తే పంపుతాను, మూత గట్టిగా పెట్టు, పోయినసారి బూజు పట్టించావు. రాత్రి ఒంటిగంట దాకా లైటు వేసుకుని ఉంటావని నీ రూమ్మేట్ బుజ్జికి చెప్పాడట.

ఆదివారం ఫోన్ చెయ్యి. మీకు పొద్దున తొమ్మిదైతే మాకు సాయంత్రం ఆరున్నర, నాన్న సంఘం మీటింగులో ఉంటారు, నేనొక్కదాన్నే ఉంటాను. ఆ టైముకి నువ్వు చర్చిలో ఉంటే సరే, తర్వాత చెయ్యి. లేకపోయినా చెయ్యి.

మీ అమ్మ

అన్నట్టు పాత స్టీలు గ్లాసులు మేడ మీద గోనెసంచిలో ఉన్నాయి. నిన్న దించాను. పద్దెనిమిదే ఉన్నాయి, మిగతావి ఏమయ్యాయో.