తుక్కుకు పోయే బస్సును ముందు ఫైర్ స్టేషన్‌కు పంపనివ్వండి

తెలంగాణ ముఖ్యమంత్రి, హోం శాఖ బాధ్యతలు కూడా చూస్తున్న శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. నేను బస్సు బాడీలు కట్టే మేస్త్రిని. మా షెడ్డుకు ఒట్టి ఛాసిస్ వస్తుంది. దాని మీద ఇనుప పైపులు నిలబెట్టి, రేకు కప్పి, సీట్లు బిగించి, అద్దాలు ఎక్కించి రోడ్డు మీదకు పంపడం మా పని. 26 ఏళ్లుగా ఇదే చేస్తున్నాను.

2025 నవంబర్ 3 పొద్దున చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది. కంకరంతా బస్సులోకి దిగబడింది. 19 మంది పోయారు. జేసీబీలతో కంకర తోడుతుంటే టీవీ ముందు కూర్చున్న నాకు మనుషులతో పాటు ఆ బస్సు పక్కటెముకలు కూడా కనపడ్డాయి. ఏ పైపు కోస్తే పక్క తలుపులా తెరుచుకుంటుందో, ఏ పైపు కోస్తే కప్పు లోపలివాళ్ల మీద కూర్చుంటుందో నా చేతులకు తెలుసు. కోసే పని నాకు ఎప్పటికీ పడదు. ఆ పని పడేవాళ్లకు, అంటే ఫైర్ సిబ్బందికి, 108 సిబ్బందికి, నిజమైన బస్సును కోసి చూసుకునే వీలు ఉండాలి కదా అన్నదే ఈ ఉత్తరం.

బస్సు బయటికి ఒక్కలాగే కనిపిస్తుంది. ముందు అద్దం రెండు పొరల గాజు, మధ్యలో ప్లాస్టిక్ పొర. సుత్తితో ఎంత కొట్టినా సాలెగూడులా చిట్లుతుందే తప్ప ఊడి రాదు, రంపంతో కోయాల్సిందే. పక్క కిటికీల అద్దం వేరు. నడిమి మీద గుద్దితే చెయ్యి నొప్పి పుడుతుంది, అదే మూలన మొన ఉన్న సుత్తితో ఒక్కటి వేస్తే కల్లుప్పులా రాలిపోతుంది. స్లీపర్ బస్సులో నడిచే దారి ఒక మనిషి పక్కకు తిరిగితే పట్టేంత. పొగ నిండాక పై బెర్తులో ఉన్నవాళ్లకు ఊపిరి ముందు ఆగుతుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. వాటిలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి. అవి ఎటు నుంచి ఎటు పోతున్నాయో తెలియకుండా కట్టర్ పెడితే కాపాడటానికి వచ్చినవాడి ప్రాణానికే ముప్పు. ఇవన్నీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పొచ్చు. కానీ పైపు నలిగేటప్పుడు వచ్చే చప్పుడు, కట్టర్ బరువు భుజం మీద పడే తీరు బొమ్మలో రావు.

2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర, మన హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సులో 19 మంది కాలిపోయారు. తలుపు తెరుచుకోలేదని, అద్దాలు పగలగొట్టుకుని దూకామని బతికినవాళ్లు చెప్పారు. అలాంటి మంట నిమిషాల్లో బస్సంతా కమ్మేస్తుంది, ఫైరింజను వచ్చేదాకా ఆగదు. అందుకే ఈ శిక్షణ ఫైర్ సిబ్బందితో ఆగకూడదని నా అభిప్రాయం. హైవే పెట్రోలింగ్ పోలీసులు, టోల్ గేట్ల దగ్గర ఉండే అంబులెన్సు వాళ్లు, బస్సు డ్రైవర్లు, క్లీనర్లు కూడా ఒక్కసారైనా తమ చేత్తో అద్దం పగలగొట్టి చూడాలి.

నాకు తెలిసిన ఒక బడి యజమాని దగ్గర 15 ఏళ్లు దాటిన బస్సు ఒకటి ఉండేది. తుక్కు కింద అమ్మే ముందు దగ్గరలోని ఫైర్ స్టేషన్‌కు ఇద్దాం, నాలుగు రోజులు కోసుకుని నేర్చుకుంటారు అని నేనే ఒప్పించాను. ఇద్దరం వెళ్లాం. అక్కడి అధికారి ఎంతో ఆదరంగా మాట్లాడారు, టీ తెప్పించారు. తర్వాత ఆయన అడిగినవాటికి మా దగ్గర జవాబు లేదు. స్టాకు రిజిస్టర్‌లో దీన్ని ఏమని ఎక్కించాలి? ఆడిట్‌లో అడిగితే ఏ జీవో చూపించాలి? కోసేటప్పుడు ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరి మీదకు వస్తుంది? కోసిన తర్వాత మిగిలిన తుక్కు ఎవరిది? ఆయన తప్పు ఏమీ లేదు. ఆ బస్సు చివరికి తుక్కు యార్డుకు పోయింది. ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది, కావాలని ఉండి కూడా వద్దనాల్సి వచ్చిన మనిషి ముఖం అది.

ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసిన చట్టం కావాలి సార్. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన ఫైర్ సర్వీస్ చట్టమే మనకు ఆధారం. శిక్షణ కోసం ప్రజలు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు ఇచ్చే వాహనాలను, భవనాలను, పరికరాలను శాఖ తీసుకోవచ్చని అందులో ఒక స్పష్టమైన సెక్షన్ చేర్చండి. మంచి మనసుతో ఇచ్చినవాడిని తర్వాత కోర్టుల చుట్టూ తిప్పకుండా రక్షణ ఇవ్వండి. నేర్చుకుంటూ దెబ్బ తగిలిన సిబ్బందికి డ్యూటీలో తగిలిన దెబ్బతో సమానంగా పరిహారం రావాలి.

బస్సుల కొరత కూడా ఉండదు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను, ఆర్టీసీ బస్సులతో సహా, 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రద్దు చేసి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పంపాలని కేంద్రం నిబంధన పెట్టింది. మంచి నిబంధనే. అయితే ఆ దారిలో ఒక మజిలీ పెట్టమంటున్నాను. డీజిల్, ఆయిల్, బ్యాటరీ తీసేసిన బస్సు ముందు వట్టినాగులపల్లి ఫైర్ శిక్షణ కేంద్రానికో, జిల్లా ఫైర్ స్టేషన్‌కో పోవాలి. నెల తర్వాత ముక్కలుగా తుక్కు కేంద్రానికి చేరాలి. ఇనుము బరువు ఎక్కడికీ పోదు. పాత బండిని తుక్కుకు ఇచ్చినట్టు వచ్చే సర్టిఫికెట్ చూపిస్తే కొత్త బండి పన్నులో యజమానికి దొరికే రాయితీ మాత్రం పోకూడదు. అందుకు కేంద్ర నిబంధన సవరించాల్సి వస్తే ఢిల్లీకి రాయండి.

ఇళ్ల సంగతీ ఇంతే. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఇరుకు మెట్ల ఇంట్లో 17 మంది పోయారు, అందులో పిల్లలే 8 మంది. అదే పాతబస్తీలో మెట్రో దారి కోసం ప్రభుత్వం ఆస్తులు తీసుకుని కూల్చుతోంది. అలాంటివే ఇరుకు మెట్లు, అలాంటివే గ్రిల్ వేసిన కిటికీలు. కూల్చే ముందు రెండు రోజులు ఆ ఇల్లు ఫైర్ సిబ్బంది చేతికిస్తే చాలు. గ్రిల్ ఎలా కోయాలో, గోడ ఎక్కడ పగలగొట్టాలో, చీకట్లో మెట్లు ఎలా వెతకాలో అక్కడే తెలుస్తుంది. వర్షాకాలం ముందు జీహెచ్ఎంసీ కూల్చే పాత ఇళ్లకు మాత్రం ఇది వద్దు. అవి మనుషుల మీద పడేంత బలహీనంగా ఉంటాయి. ఇంజినీరు చూసి సంతకం పెట్టిన ఇల్లే కావాలి.

ఒక హెచ్చరిక కూడా చేస్తాను. అమెరికాలో పాత ఇళ్లను ఫైర్ శాఖలకు శిక్షణకు ఇవ్వడం చాలాకాలంగా ఉంది. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెయిర్డ్స్‌విల్‌లో అలాంటి పాత ఇంట్లో నిజమైన మంట పెట్టి శిక్షణ ఇస్తుంటే, బాధితుడి వేషంలో లోపల పడుకోబెట్టిన కొత్త కుర్రాడు చనిపోయాడు. శిక్షణ నడిపిన అధికారికి శిక్ష పడింది. మన చట్టంలో మొదటి రోజునే రాయండి: దానంగా వచ్చిన ఇంట్లో నిజమైన మంట పెట్టకూడదు, పొగ యంత్రంతోనే పని. బొమ్మలనే తప్ప మనిషిని లోపల పడుకోబెట్టకూడదు.

ఇంకొకటి మొహమాటం లేకుండా చెప్పాలి. 15 మీటర్ల ఎత్తు దాటిన వాణిజ్య భవనానికి ఫైర్ శాఖ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఇవ్వాలి. ఆ ఫైలు పెండింగ్‌లో ఉన్న బిల్డరు అదే శాఖకు కట్టర్లు దానం ఇస్తే అది దానం కాదు. అలాంటివాళ్ల దగ్గర తీసుకోకూడదని సెక్షన్‌లోనే ఉండాలి. ఎవరు ఏమిచ్చారో స్టేషన్ గోడ మీద అందరికీ కనపడేలా రాయాలి.

ఫైర్ సర్వీసుల ఆధునికీకరణకు కేంద్రం 5,000 కోట్ల రూపాయల పథకం 2023లో మొదలుపెట్టింది. దాంతో హైడ్రాలిక్ కట్టర్లు కొనండి, తప్పకుండా కొనండి. వాటితో పాటు కోయడానికి ఒక బస్సూ ఇవ్వండి.

మీరు అనుమతిస్తే నేను, మా షెడ్డులోని ఇద్దరు వెల్డర్లు వట్టినాగులపల్లికి ఏ ఆదివారం రమ్మన్నా వస్తాం, కూలి వద్దు. బస్సు పక్కన నిలబడి ఏ పైపు ఎక్కడ ఉందో సుద్దముక్కతో గీసి చూపిస్తాం. రేకు ఎక్కించాక ఆ పైపులు పైకి కనపడవు సార్.

ఇట్లు,
ఒక బస్సు బాడీ మేస్త్రి,
హైదరాబాద్