సొంత ఈమెయిల్ సర్వర్, మెయిలింగ్ లిస్టుల ఏర్పాటు: కార్యవర్గం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం ఆమోదించిన తీర్మానం మేరకు, సంఘం పేరిట సాగే ఉత్తరప్రత్యుత్తరాలన్నిటినీ, ఒక చిరునామాకు రాస్తే సభ్యులందరికీ లేఖ చేరవేసే మెయిలింగ్ లిస్టులతో సహా, సంఘం అధీనంలోనే ఉండే సర్వర్‌కు తరలించే పనిని ఈ సంవత్సరం చేపట్టి పూర్తి చేశాము. ఆదాయవ్యయాల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తున్నందువల్ల ఈ నివేదికను ఈ ఒక్క పనికే పరిమితం చేస్తున్నాము. సాంకేతిక విషయాలను కొంత వివరంగానే రాశాము. రేపు ఈ సర్వర్ బాధ్యత స్వీకరించబోయే సభ్యులకు, ఏ నిర్ణయం ఏ కారణంతో తీసుకున్నామో చెప్పే పత్రం ప్రస్తుతానికి ఇదొక్కటే.

తరలింపు ఎందుకు

ఇంతవరకు మన చర్చలు ఒక ఉచిత గ్రూపు సేవలో జరిగేవి. ఆ గ్రూపు యాజమాన్యం సంఘం పేరున కాక, దాన్ని మొదట తెరిచిన సభ్యుని సొంత ఖాతా పేరున ఉండేది. సభ్యుల చిరునామాలు, పాత లేఖలు, నియమాలు అన్నీ ఆ ఖాతా మీదే ఆధారపడి ఉండేవి. ఇటువంటి సేవలు ఎప్పటికీ ఉంటాయన్న భరోసా కూడా లేదు. యాహూ గ్రూప్స్ 2019లో పాత లేఖలను, ఫైళ్లను తొలగిస్తామని ప్రకటించి, 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడినప్పుడు, ఏళ్ల తరబడి పోగైన చర్చలను ఎన్నో సంఘాలు హడావుడిగా దించుకోవలసి వచ్చింది, దించుకోలేనివారు పోగొట్టుకున్నారు.

నెలవారీ అద్దెకు దొరికే లిస్టు సేవ సరిపోదా అని కొందరు సభ్యులు సమావేశంలోనూ, ఆ తరువాతా అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండే మనుషులు లేని సంఘానికి అద్దె సేవే మేలని కార్యవర్గం కూడా భావిస్తోంది. మనకు ఆ పని తెలిసిన సభ్యులు ఉన్నందువల్ల, పాత లేఖల నిల్వ మీద పూర్తి అధికారం కావాలనుకున్నందువల్ల మాత్రమే ఈ దారి ఎంచుకున్నాము.

సర్వర్, సాఫ్ట్‌వేర్ ఎంపిక

సర్వర్ అద్దెకు తీసుకునే ముందు ధరకన్నా ముందుగా చూడవలసినవి మూడు. ఒకటి, బయటికి వెళ్లే 25వ పోర్టును, అంటే సర్వర్‌కు ఉండే అంకెల ద్వారాలలో ఒకదాన్ని, తెరిచి ఇస్తారా లేదా అన్నది. ఒక సర్వర్ మరొక సర్వర్‌కు లేఖ అందించేది ఈ పోర్టులోనే. స్పామ్ భయంతో చాలా క్లౌడ్ సంస్థలు కొత్త ఖాతాలకు దీన్ని మూసి ఉంచుతాయి. రెండోది, మన ఐపీ చిరునామాకు, అంటే ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే సంఖ్యకు, ఎదురు డీఎన్‌ఎస్ నమోదు మనమే పెట్టుకునే వీలు. డీఎన్‌ఎస్ అంటే పేరును బట్టి ఐపీని తెలిపే బహిరంగ నమోదు వ్యవస్థ, ఐపీని బట్టి పేరును తెలిపే ఎదురు నమోదును పీటీఆర్ రికార్డు అంటారు. మూడోది ఆ ఐపీ గతం. అంతకుముందు అద్దెకున్నవారు స్పామ్ పంపి ఉంటే ఆ మచ్చ మనకు అంటుకుంటుంది. స్పామ్‌హౌస్ వంటి నిరోధక జాబితాలలో చూసుకున్న తరువాతే ప్రస్తుత సర్వర్‌ను ఖాయం చేశాము.

లేఖల రవాణాకు పోస్ట్‌ఫిక్స్‌ను, కార్యవర్గ సభ్యుల మెయిల్ పెట్టెలకు డవ్‌కాట్‌ను, స్పామ్ వడపోతకు ఆర్‌స్పామ్‌డీని, లిస్టులకు మెయిల్‌మ్యాన్ 3ను వాడుతున్నాము. పోస్ట్‌ఫిక్స్‌ను వీట్సె వెనెమా ఐబీఎం పరిశోధన కేంద్రంలో ఉండగా రాశారు. అది 1998లో విడుదలైంది, నేటికీ నిర్వహణలో ఉంది. అన్నీ కలిపి ఒకేసారి స్థాపించే మెయిల్‌కౌ, మెయిల్-ఇన్-ఎ-బాక్స్ వంటి కూర్పులను కూడా పరిశీలించాము. అవి పెట్టెల వరకు సుఖమే కాని మెయిల్‌మ్యాన్‌ను తమలో భాగంగా ఇవ్వవు. వాటి అమరికలోకి దాన్ని బయటినుంచి జొప్పించడం కన్నా, భాగాలను మనమే విడివిడిగా అమర్చుకోవడం మేలనిపించింది. మెయిల్‌మ్యాన్ పాత రూపం 2.1 ఎంతో తేలికైనదే. అయితే అది నడిచే పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసినందువల్ల, కొత్త సర్వర్‌లో దాన్ని పెట్టడం సమంజసం కాదు. మెయిల్‌మ్యాన్ 3లో భాగాలు ఎక్కువ: లిస్టులను నడిపే కోర్, అమరికలు మార్చుకునే పోస్టోరియస్, పాత లేఖలను చూపే హైపర్‌కిటీ, వీటన్నిటి వెనుక ఒక డేటాబేస్. ఏది ఆగిపోతే ఏ లక్షణం కనిపిస్తుందో రాసిపెట్టిన పత్రం నిర్వాహకుల దగ్గర ఉంది.

ఉన్న లిస్టు చిరునామాలేవో మెయిల్‌మ్యాన్ ఎప్పటికప్పుడు పోస్ట్‌ఫిక్స్‌కు తెలియజేస్తుంది. లేని చిరునామాకు వచ్చిన లేఖను పోస్ట్‌ఫిక్స్ లోపలికి తీసుకోకుండా అక్కడికక్కడే నిరాకరిస్తుంది. లోపలికి తీసుకుని తరువాత తిప్పి పంపితే, స్పామ్ పంపినవారు దొంగిలించిన చిరునామాల అసలు యజమానుల మీద ఆ తిరుగు లేఖలు కురుస్తాయి, చెడ్డపేరు మనకు వస్తుంది.

ఇతర సర్వర్లు నమ్మేలా చేయడం

సాఫ్ట్‌వేర్ స్థాపన ఈ పనిలో చిన్న భాగం. అసలు శ్రమంతా మన లేఖలను బయటి సర్వర్లు నమ్మి ఇన్‌బాక్స్‌లో వేసేలా చేయడంలోనే ఉంది. తపాలా కవరు మీద ఒక పేరు, లోపలి ఉత్తరంలో వేరొక పేరు ఉండవచ్చు కదా, ఈమెయిల్‌లోనూ అంతే. కవరు మీది డొమైన్ (చిరునామాలో @ గుర్తు తరువాతి భాగం) పేరున లేఖ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. ఏ డొమైన్ సంతకం చేసిందో, లేఖలోని విషయం దారిలో మారలేదని డీకిమ్ సంతకం రుజువు చేస్తుంది. పాఠకునికి కనిపించే పంపినవారి డొమైన్‌తో ఈ రెండిటిలో ఒకటైనా కలవాలని, కలవకపోతే ఏం చేయాలో డీమార్క్ నిర్దేశిస్తుంది.

మూడింటినీ డీఎన్‌ఎస్‌లో నమోదు చేశాము. రాబోయే నిర్వాహకులు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఎస్‌పీఎఫ్ రికార్డు తనిఖీలో డీఎన్‌ఎస్ విచారణలు పదికి మించితే ఆ రికార్డు చెల్లదు, అందుచేత కనిపించిన ప్రతి సేవనూ అందులో చేర్చుకుంటూ పోకూడదు. 2048 బిట్ల డీకిమ్ తాళం (సంతకాన్ని సరిచూడడానికి డీఎన్‌ఎస్‌లో ఉంచే కీ) ఒకే వరుసలో 255 అక్షరాల పరిమితిని దాటుతుంది కనుక దాన్ని ముక్కలుగా విడగొట్టి నమోదు చేయాలి.

డీమార్క్‌ను మొదట కేవలం పరిశీలన స్థాయిలో ఉంచి, బయటి సర్వర్లు రోజూ పంపే నివేదికలను చదివాము. ఆ నివేదికల వల్లనే, విరాళాల రసీదులు పంపే ఒక బయటి సేవ మన డొమైన్ పేరుతో సంతకం లేకుండా లేఖలు పంపుతున్నట్టు తెలిసింది. దానికి విడిగా డీకిమ్ అమర్చిన తరువాతే విధానాన్ని అనుమానిత లేఖలను స్పామ్ పెట్టెలో వేయించే స్థాయికి పెంచాము. ఆ క్రమం తప్పి ఉంటే దాతల రసీదులే ముందు మాయమయ్యేవి.

కొత్త ఐపీ నుంచి ఒక్కసారిగా లేఖలు వెల్లువెత్తితే పెద్ద సంస్థలు సహజంగానే అనుమానిస్తాయి. అందువల్ల చర్చలలో చురుకుగా ఉన్నవారితో మొదలుపెట్టి సభ్యులను విడతలుగా తరలించాము. అయినా ఒక పెద్ద మెయిల్ సంస్థ కొంతకాలం మన లేఖలను తాత్కాలికంగా నిరాకరిస్తూ వచ్చింది. తాత్కాలిక నిరాకరణ అయితే పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజుల వరకు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది కనుక లేఖలు పోలేదు, ఆలస్యంగా చేరాయి. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్న నియమాలలో గట్టివి పెద్ద ఎత్తున, గూగుల్ లెక్కలో రోజుకు సుమారు 5,000 లేదా అంతకు పైగా, లేఖలు పంపేవారికి వర్తిస్తాయి. మనం ఆ దరిదాపుల్లో లేము. అయితే ఎదురు డీఎన్‌ఎస్, గుప్తీకరించిన రవాణా, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి లోబడి ఉండటం వంటివి మనవంటి చిన్నవారూ పాటించవలసినవే. లిస్టు నుంచి తప్పుకోదలచినవారు స్పామ్ బొత్తాం నొక్కకుండా, లిస్టు నుంచి వైదొలగే సదుపాయాన్నే వాడాలని కోరడం ఇందుకే. సభ్యులు తక్కువగా ఉన్న లిస్టులో కొద్దిపాటి ఫిర్యాదులు కూడా ఈ శాతాన్ని దాటించి అందరి లేఖలకూ అడ్డుపడగలవు.

లిస్టుల అమరిక

ప్రకటనల లిస్టులో సభ్యత్వంతో పాటే అందరూ ఉంటారు, అందులో కార్యవర్గం మాత్రమే రాస్తుంది. చర్చల లిస్టులో, నిర్ధారణ లేఖకు బదులిచ్చి సమ్మతి తెలిపినవారిని మాత్రమే చేర్చాము. పాత గ్రూపులోని చిరునామాలను మూకుమ్మడిగా ఎక్కించి ఉంటే పని త్వరగా ముగిసేది కాని, ఎవరూ చూడని పాత చిరునామాలు, మరచిపోయినవారి ఫిర్యాదులు కూడా దానితో పాటే వచ్చేవి.

చర్చల లిస్టులో విషయ పంక్తికి ముందు సంఘం పేరు, లేఖ చివర పాదసూచిక కనిపించడం లేదేమని పలువురు అడిగారు. కారణం ఇది. లిస్టు సాఫ్ట్‌వేర్ విషయ పంక్తిలోగాని లేఖ పాఠంలోగాని ఒక్క అక్షరం చేర్చినా, పంపిన సభ్యుని డొమైన్ పెట్టిన డీకిమ్ సంతకం చెల్లకుండా పోతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ, ఆ వెంటనే ఏఓఎల్, తమ డొమైన్ల డీమార్క్ విధానాన్ని పూర్తి తిరస్కరణకు మార్చినప్పుడు ప్రపంచమంతటా మెయిలింగ్ లిస్టులు దెబ్బతిన్నది ఇక్కడే. యాహూ చిరునామా నుంచి ఒకరు లిస్టుకు రాస్తే, దాన్ని అందుకోవలసిన ఇతరుల సర్వర్లు నిరాకరించేవి. ఆ నిరాకరణలు అందుకోవలసినవారి ఖాతాలో తిరిగివచ్చిన లేఖలుగా జమయ్యేవి. చివరికి ఏ పాపమూ ఎరుగని సభ్యులకు లిస్టు నుంచి లేఖలు ఆగిపోయేవి.

అందుచేత రెండు ఏర్పాట్లు చేశాము. పంపినవారి డొమైన్ కఠినమైన డీమార్క్ విధానం పాటిస్తుంటే, మెయిల్‌మ్యాన్ పంపినవారి స్థానంలో లిస్టు చిరునామాను ఉంచి, రచయిత పేరును పక్కనే చూపుతుంది. బదులివ్వడానికి రచయిత చిరునామా కూడా లేఖలోనే ఉంటుంది. మిగిలినవారి లేఖలను తాకకుండా యథాతథంగా పంపుతాము. లిస్టు గుర్తింపు, వైదొలగే లంకె లేఖతో పాటు వెళ్లే సాంకేతిక వివరాలలో (హెడర్‌లో) కనిపించకుండానే ఉంటాయి, చాలా మెయిల్ యాప్‌లు వాటిని చదివి బొత్తాంగా చూపిస్తాయి. పాత రూపమే బాగుందన్న అభిప్రాయాన్ని గౌరవిస్తూనే, లేఖ చేరడం ముఖ్యమన్న ఉద్దేశంతో కార్యవర్గం ఈ నిర్ణయాన్ని కొనసాగించదలచింది.

తిరిగివచ్చే లేఖల లెక్క మెయిల్‌మ్యానే చూసుకుంటుంది. ఒక చిరునామా నుంచి ఎన్ని లేఖలు తిరిగివచ్చినా రోజుకు ఒక పాయింటు మాత్రమే పడుతుంది. ఆ లెక్క ఐదుకు చేరితే ఆ సభ్యునికి లేఖలు ఆపి, హెచ్చరిక పంపుతుంది. లేఖలు హఠాత్తుగా ఆగిపోయినవారు ముందుగా తమ పెట్టె నిండిపోయిందేమో చూసుకోవాలి.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఎదురైన ఇబ్బంది ఒకటుంది. మెయిల్‌మ్యాన్ మొదటి అమరికలో లేఖ పరిమాణం 40 కేబీకి మించకూడదు. ఇంగ్లిషు లేఖకు అది పుష్కలం. అక్షరాలను కంప్యూటర్‌లో నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో అటువంటి సంకేతాలు ఆరున్నాయి, అంటే 18 బైట్లు. రవాణా కోసం ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతో రాసే బేస్64 రూపంలోకి మార్చేసరికి అవి 24 అవుతాయి. దీనికి తోడు చాలా యాప్‌లు అదే లేఖను మామూలు పాఠంగా ఒకసారి, హెచ్‌టీఎంఎల్‌గా మరొకసారి పంపుతాయి, ముందటి లేఖలన్నీ కింద వేలాడుతూనే ఉంటాయి. ఫలితంగా ఓ మోస్తరు తెలుగు లేఖ కూడా లేఖలను పరిశీలించే మోడరేటర్ అనుమతి కోసం నిలిచిపోయేది. పరిమితిని 200 కేబీకి పెంచాము. జోడింపులను మాత్రం లిస్టులో అనుమతించడం లేదు. పాత లేఖలను కత్తిరించి, అవసరమైన వాక్యాన్ని మాత్రమే ఉంచి బదులివ్వాలన్న విన్నపం మునుపటిదే.

భద్రత, గోప్యత, బ్యాకప్

పాత లేఖల నిల్వ సభ్యులకు మాత్రమే తెరుచుకుంటుంది, వెతుకుడు యంత్రాలకు అందదు. కార్యవర్గ పెట్టెలలోని లేఖలను సర్వర్ నిర్వాహకులు సాంకేతికంగా తెరిచి చూడగలరన్న వాస్తవాన్ని దాచడం సరికాదు. అందుకే వారి నుంచి లిఖితపూర్వక హామీ తీసుకున్నాము.

పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నాలు ప్రతి మెయిల్ సర్వర్ మీదా రాత్రింబవళ్లు జరుగుతూనే ఉంటాయి. అలా తట్టే ఐపీలను ఫెయిల్2బ్యాన్ అన్న సాఫ్ట్‌వేర్ అడ్డుకుంటుంది. 2023 డిసెంబరులో వెల్లడైన ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్ (ఒక లేఖలో మరో నకిలీ లేఖను దాచి పంపడం) వంటి లోపాలు పోస్ట్‌ఫిక్స్‌ను కూడా వదలలేదు కనుక, భద్రతా సవరణలు వెలువడగానే వేయడం నిర్వాహకుల మొదటి విధి. గుప్తీకరణకు వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రాలు కొద్ది కాలానికే ముగుస్తాయి. వాటి నవీకరణ తనంతట తానే జరుగుతుంది, అది జరిగిన ప్రతిసారీ డవ్‌కాట్ కొత్త పత్రాన్ని చదివేలా ఏర్పాటు చేశాము.

డేటాబేస్, అమరికల ఫైళ్లు, డీకిమ్ రహస్య తాళం, పాత లేఖలు ప్రతి రాత్రి వేరొక సంస్థ దగ్గరి నిల్వలోకి గుప్తీకరించి చేరుతున్నాయి. ఖాళీ యంత్రం మీద ఆ బ్యాకప్‌ను పునరుద్ధరించి కూడా చూశాము. లేఖలన్నీ తిరిగి వచ్చాయి. వెతుకులాట సూచికను మాత్రం మళ్లీ నిర్మించవలసి వచ్చింది, ఆ మెట్టును పత్రంలో చేర్చాము.

వచ్చే సంవత్సరానికి

డీమార్క్ నివేదికలు నిలకడగా ఉంటే విధానాన్ని పూర్తి తిరస్కరణ స్థాయికి పెంచడానికి, మన డొమైన్‌కు లేఖలు గుప్తీకరించిన దారిలోనే రావాలని చాటే ఎంటీఏ-ఎస్‌టీఎస్‌ను అమర్చడానికి సభ అనుమతి కోరుతున్నాము. పాత గ్రూపు నుంచి దించుకున్న లేఖలను హైపర్‌కిటీలోకి చేర్చే పని సగంలో ఉంది. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో రాసిన లేఖలు తెర మీద గజిబిజిగా కనిపిస్తున్నందున, వాటిని మార్చి చేర్చాలా, ఉన్నవి ఉన్నట్టే భద్రపరచాలా అన్నది సభ తేల్చవలసి ఉంది. మూలం చెక్కుచెదరకుండా ఉంచి, మార్చిన ప్రతిని పక్కన చేర్చడం కార్యవర్గం సిఫారసు.

సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమే. సర్వర్ అద్దె, డొమైన్ రుసుము, బ్యాకప్ నిల్వ ఖర్చులు కోశాధికారి పట్టికలో ఉన్నాయి. అందులో కనిపించని ఖర్చు నిర్వాహకుల సమయం. ప్రస్తుతం ఇద్దరే ఈ భారం మోస్తున్నారు, ఇద్దరూ ఒకేసారి అందుబాటులో లేని రోజున సర్వర్ ఆగితే చూసేవారు ఉండరు. మూడో నిర్వాహకునిగా ఉండదలచినవారు, లినక్స్ కమాండ్ లైన్ అలవాటుంటే చాలు, సర్వసభ్య సమావేశానికి ముందే తమ పేరును కార్యదర్శికి తెలియజేయగలరు. శిక్షణ ప్రస్తుత నిర్వాహకులే ఇస్తారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి