పాత కార్లను కాటాకు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

పాత బండ్లను తుక్కుకు పంపడం గురించి ఈమధ్య మీ పేపర్లో వరసగా వార్తలు వస్తున్నాయి. మంచిదే, పొగ కక్కే బండ్లు పోవాల్సిందే. కానీ అవి చదివి మా వీధిలో ఒకాయన, రైస్‌మిల్లు గోడౌన్లో టార్పాలిన్ కింద ఉన్న వాళ్ళ నాయన స్టాండర్డ్ హెరాల్డ్ కారును పాత ఇనుము లెక్కన కాటాకు వేసేశాడు. అదేందయ్యా అంటే, ఎట్లాగూ గవర్నమెంటు తీసేసుకుంటుందంట గదా అన్నాడు. అది నిజం కాదు. ఇంకొకరు ఆ పని చేయకుండా ఈ ఉత్తరం వేయండి.

తుక్కు విధానం 2021లో వచ్చింది. అదే ఏడాది కేంద్రం ఇంకో రూల్ కూడా తెచ్చింది, అది మాత్రం మన జనానికి చేరలేదు. మొదటిసారి రిజిస్టర్ అయి 50 ఏళ్ళు దాటిన సొంత కార్లను, మోటారు సైకిళ్ళను వింటేజ్ వాహనం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, ఆ కాగితం పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. పాత నంబరు ఉన్నవాళ్ళు దాన్నే ఉంచుకోవచ్చు. రోజూ తిప్పకూడదు, కిరాయికి అసలు కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రం తీసుకుపోవచ్చు. నాకైతే ఇది న్యాయంగానే ఉంది.

మా పెదనాన్న ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ను మేం మళ్ళీ రోడ్డు మీదికి తెచ్చాం కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1967లో వచ్చిన మార్క్ 3 మోడల్. షోలవరంలో రేసులు జరిగే రోజుల్లో ఆయన మద్రాసులో కొన్నాడు. ఆ షోలవరం మనం మద్రాసు పోయే దారిలోనే ఉంది, యుద్ధకాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద కార్లు పరిగెత్తేవి. ఆయన పోయాక బండి కదల్లేదు. ఇంగ్లండు కారుకు నెల్లూరులో ఎవరు పనిచేస్తారని అందరూ భయపెట్టారు. ఆటోనగర్‌లో ఒక పెద్దమేస్త్రి బానెట్ ఎత్తి చూసి, "అబ్బయ్యా, ఇది మన హెరాల్డే గదా" అన్నాడు. ఆ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. 1962లో స్పిట్‌ఫైర్‌ను హెరాల్డ్ చాసిస్‌ను, అంటే కింది ఇనప చట్రాన్ని, పొట్టి చేసి దాని మీదే కట్టారు, రెండిటి బాడీ గీసింది మిచెలోటి అనే ఇటలీ ఆయనే, ఇంజన్లది కూడా ఒకే కుటుంబం. ఆ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులోనే తయారైంది. అందుకే దాని లోగుట్టు తెలిసిన చేతులు మన దగ్గర ఇంకా ఉన్నాయి, కాకపోతే అందరూ డెబ్బై దాటినవాళ్ళే.

బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడదామన్న మా తమ్ముడిని ఆ పెద్దమేస్త్రి దగ్గరికి కూడా రానీలేదు. ఏళ్ళ తరబడి ఆగిన ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండర్‌కు పట్టేసి ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ప్లగ్గులు తీసి, లోపల ఆయిల్ పోసి నానబెట్టి, తర్వాత చేత్తోనే మెల్లగా తిప్పి వదులు చేశాడు. ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని ఇత్తడి ముక్క ఉంటుంది, దానికి గేరు ఆయిలే పోయాలి, గ్రీజు కొడితే పట్టేసి ఒకరోజు లింకు విరిగి చక్రం ఒరిగిపోతుంది. ఇది ఏ కుర్ర మెకానిక్‌కు తెలుసు చెప్పండి? ఇంకోటి, సముద్రపు గాలికి తలుపుల కింద పొడుగునా ఉండే రేకు పట్టీలు, సిల్స్ అంటారు, తుప్పు పట్టి ఉన్నాయి. స్పిట్‌ఫైర్‌కు ఆ సిల్సే బలం, చాసిస్‌కు పక్కల దన్ను ఉండదు. అందుకని తలుపుల సందులో అడ్డంగా రాడ్లు వెల్డింగ్ పెట్టి, కొలతలు కదలకుండా చూసుకొని, అప్పుడు పాత రేకు కోశాడు. లేకపోతే బాడీ కుంగి తలుపులు జన్మలో పడవు.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది, అది పాత రబ్బరు పైపులను, సీళ్ళను తినేస్తుంది, గాల్లో తేమను కూడా లాగుతుంది. పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించాం. పాత వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడిన సీసం పెట్రోలు 2000లోనే ఆగిపోయింది కాబట్టి ఇంజన్ హెడ్ లేత్‌కు ఇచ్చి గట్టి వాల్వ్ సీట్లు వేయించాం. చిన్నాచితకా సామాను చెన్నై పుదుపేటలో దొరికింది, మిగతాది ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నాం, ఆ కారుకు అక్కడ ఇప్పటికీ కొత్త సామాను చేస్తున్నారు.

చాలామంది ఇచ్చిన సలహా ఒకటుంది: ఇంత తంటా ఎందుకు, మారుతి ఇంజన్ వేసేయమని. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటేనే వింటేజ్ కింద ఒప్పుకుంటారు, ఇంజన్ మారిస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

బండి సిద్ధమయ్యాక ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గర అట్లాంటి రూలే లేదన్నారు. గెజిట్ కాపీ ప్రింట్ తీసుకుపోయి చూపించాక గానీ అప్లికేషన్ తీసుకోలేదు. కాగితం చేతికొచ్చేదాకా ఒకటే టెన్షన్. నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల రవాణా ఆఫీసుల్లోనూ ఈ రూల్, ఫీజు, కావాల్సిన కాగితాలు తెలుగులో రాసి బోర్డు పెట్టాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. ఐటీఐ పిల్లలను కొన్నాళ్ళు ఈ పెద్దమేస్త్రుల షెడ్లకు పంపించాలి. వాళ్ళ చేతిలో ఉన్న పని ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు, వాళ్ళకూ వయసు మీద పడుతోంది.

ఏడాదికో రోజు వి.ఆర్. కాలేజీ గ్రౌండులో పాత కార్ల ప్రదర్శన పెడితే ఒంగోలు, కావలి, కందుకూరు నుంచి కూడా బండ్లు వస్తాయి, రూల్ కూడా ఒప్పుకుంటుంది. మీ పేపర్ ముందుకొస్తే మా స్పిట్‌ఫైర్ తీసుకురావడానికి నేను రెడీ.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మాగుంట లేఅవుట్, నెల్లూరు