మంత్రి గారూ, మాకు కావాల్సింది ఒక శాస్త్రవేత్త ఫోన్ నంబరు

గౌరవనీయులైన సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలో పద్దెనిమిదేళ్లుగా విలేకరిగా పనిచేస్తున్నాను. మొదట మండల కంట్రిబ్యూటర్‌ను, అంటే జీతం లేకుండా రాసిన వార్తలకే డబ్బు అందుకునే విలేకరిని, ఇప్పుడు హనుమకొండలో స్టాఫ్ రిపోర్టర్‌ను. విలేకరుల నుంచి మీకు అందే వినతిపత్రాల్లో ఇళ్ల స్థలాలు, హెల్త్ కార్డులు ఉంటాయి. అవీ అవసరమే, అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. నాది వేరే సంగతి. సైన్సు, టెక్నాలజీ వార్తలు శ్రద్ధగా రాయాలనుకునే ఉత్తర తెలంగాణ విలేకరులం కొందరం ఒక సంఘం పెట్టుకుంటున్నాం. దాని గురించి మీతో మాట్లాడాలి.

2024 డిసెంబర్ 4 పొద్దున నేను ములుగు దగ్గర బంధువుల ఇంట్లో ఉన్నాను. ఏడున్నర కావస్తుండగా షెల్ఫులో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. దండెం మీది తువ్వాల ఊగింది. అందరం వాకిట్లోకి ఉరికాం. రెండు నిమిషాల్లో డెస్క్ నుంచి ఫోన్: ‘ఐటమ్ వెంటనే పంపు.’ తీవ్రత 5.3 అని తెలియగానే రాసి పంపాను. అందులో ఒక వాక్యం ఇది: ‘1969లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 5.7, ఇదీ దాదాపు అంతే.’ తప్పు. భూకంపాలను కొలిచే స్కేలు మీద ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. పాయింట్ నాలుగు తేడా అంటే నాలుగు రెట్లు. ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది, అప్పటికి ఆ పేపర్లు పొట్లాలైపోయాయి.

ఆ రోజు మధ్యాహ్నం ఒక ఊళ్లో గద్దె మీద కూర్చున్న ముసలమ్మ నన్ను అడిగింది: “మల్ల వస్తదా బిడ్డా?” పేపరాయన వచ్చాడు కదా, తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం. ఏం చెప్పాలో తోచలేదు. ఇవాళైతే చెప్తాను: చిన్న ప్రకంపనలు రావచ్చమ్మా, మామూలుగా అవి మొదటిదానికంటే చిన్నవే ఉంటాయి, ఫలానా రోజున వస్తుందని చెప్పగలిగేవాడు మాత్రం ప్రపంచంలో ఎవడూ లేడు. ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే, తర్వాత రామగుండం దిక్కు ఫలానా వారంలో భూకంపం అంటూ ఫోన్లలో మెసేజ్ తిరిగినప్పుడు జనానికి అంత టెన్షన్ ఉండేది కాదు.

అంతకు మూడు నెలల ముందే, ఆగస్టు 31న, తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేల చెట్లు నేలకూలాయి. రెండింటినీ కలిపి ఎన్ని కథలు పుట్టాయో మీకు తెలుసు. ఆ గాలి పుట్టింది మబ్బుల్లో. భూకంపం పుట్టింది నేల కింద 40 కిలోమీటర్ల లోతున. గోదావరి లోయ భూమి పగుళ్ల వెంట కుంగి ఏర్పడింది, మన సింగరేణి బొగ్గు ఉన్నదీ ఆ లోయలోనే. భూకంపాలకూ ఆ పగుళ్లకూ సంబంధం ఉంది. ఈ నాలుగు ముక్కలు మర్నాటి జిల్లా పేజీలో రావాల్సింది. హైదరాబాద్ ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ ఉంది, అక్కడ జీవితమంతా దీని మీదే పనిచేసేవాళ్లు ఉన్నారు. మా కంట్రిబ్యూటర్లలో ఒక్కరి దగ్గరా వాళ్ల నంబరు లేదు.

మాకు భాషతోనూ ఇబ్బంది ఉంది. భూకంపం ఎంత పెద్దదో చెప్పే అంకెనూ ‘తీవ్రత’ అనే రాస్తాం, ఒక్కో ఊళ్లో అది ఎంత గట్టిగా ఊపిందో చెప్పే కొలతనూ ‘తీవ్రత’ అనే రాస్తాం. మొదటిది ఒక భూకంపానికి ఒకటే ఉంటుంది, రెండోది ములుగులో ఒకటి, హైదరాబాద్‌లో ఇంకొకటి. ‘వాతావరణం’ అయితే మరీ అన్యాయం. రేపటి వానకూ అదే మాట, ముప్పై ఏళ్ల సగటుకూ అదే, భూమి చుట్టూ ఉన్న గాలి పొరకూ అదే. ‘వాతావరణ మార్పు’ అని హెడ్డింగ్ పెడితే, పొద్దున ఎండ, సాయంత్రం వాన అని రైతు అనుకుంటే తప్పు ఆయనదా?

2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు నర్సంపేట దిక్కు ఒక చేనుకు వెళ్లాను. రైతు ఒక పువ్వు తెంపి నా నోట్‌బుక్ కాగితం మీద విదిలించాడు. పెన్సిల్ ముక్కు విరిగి రాలినట్టు నల్లటి నలుసులు పడి, అవే పాకడం మొదలుపెట్టాయి. వారానికి రెండు సార్లు మందు కొడుతున్నా పోవడం లేదన్నాడు. ఎడాపెడా కొడితే ఆ పురుగును తినే మేలు చేసే పురుగులు కూడా చస్తాయని, అది ఇంకా పెరుగుతుందని వరంగల్‌లోని వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఎవరిని అడిగినా చెప్పేవారు. కానీ ఆ వారం మా చేతికొచ్చింది ఒక మందుల డీలరు ఇచ్చిన ప్రెస్ నోట్. అదే వార్తయింది. ఆ సీజన్లో పెట్టుబడి మీద పెట్టుబడి పెట్టి మునిగిన రైతుల్లో ఆ వార్త చదివినవాళ్లు ఎందరో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

2023 అక్టోబర్‌లో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పియర్లు, అంటే స్తంభాలు, కుంగినప్పుడు ఒక కాలమ్ ఒక పార్టీకి, ఇంకో కాలమ్ ఇంకో పార్టీకి ఇచ్చాం. పునాది కింద నుంచి ఇసుక కొట్టుకుపోవడం ఒక కారణమని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు చెప్పారు. కాకతీయుల చెరువుల కింద బతికే మనకు అది అర్థం కానిదా? చెరువు కట్టకు బుంగ పడటమంటే ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. బ్యారేజీ కింద కూడా అలాంటి బుంగే అని రాయవచ్చని మా ఎవరికీ తట్టలేదు, పక్కన కూర్చుని చెప్పే ఇంజనీరూ లేడు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన మన ఇంజనీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీ, ఇప్పటి నిట్, మా ఆఫీసు నుంచి ఆటో దూరంలోనే ఉంది. ప్రొఫెసర్లను అడిగితే ‘మాకు మాట్లాడే పర్మిషన్ లేదు’ అంటారు. ప్రభుత్వ శాఖల ఇంజనీర్లదీ, డాక్టర్లదీ అదే జవాబు.

కాబట్టి సంఘం. ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో సైన్సు రచయితలు 1934లోనే పన్నెండు మందితో మొదలుపెట్టుకున్నారు. మన దేశంలో సైన్సు రచయితల సంఘం 1985 నుంచి ఉంది. లేనిదల్లా జిల్లాలో, తెలుగులో రాసేవాడికి అండ.

మిమ్మల్ని అన్నిటికంటే ముందు అడిగేది ఒక జీవో. రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో, యూనివర్సిటీల్లో పనిచేసే నిపుణులు తమ సబ్జెక్టులోని విషయాలను విలేకరులకు వివరించడానికి పై అనుమతి అక్కర్లేదని అందులో స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ నిర్ణయాల మీద వ్యాఖ్యానించమని మేం అడగం. బుంగ ఎలా పడుతుందో చెప్తే చాలు. కేంద్ర సంస్థలకు మీ జీవో వర్తించదు కాబట్టి, నిట్, ఎన్‌జీఆర్‌ఐల డైరెక్టర్లకు మీరొక ఉత్తరం రాయండి. జిల్లాకొకరి పేరు, నంబరు ఇవ్వమని.

మీడియా అకాడమీ శిక్షణ తరగతులు హైదరాబాద్‌లోనే కాకుండా హనుమకొండ, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో కూడా పెట్టించండి. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికే కంట్రిబ్యూటర్‌కు ఒక రోజు పోతే ఆ రోజు సంపాదన పోయినట్టే, బస్సు చార్జీలు, భోజనం అకాడమీ భరించాలి. తెలుగు పదకోశం పని మేమే మొదలుపెట్టాం, సరిచూసే నిపుణులను ఇప్పించండి.

సంఘానికి మాత్రం గ్రాంటు వద్దు. మందుల కంపెనీ నుంచి, ఆస్పత్రి నుంచి, ప్రభుత్వం నుంచి పైసా తీసుకోకూడదని మొదటి రోజే రాసుకున్నాం. మీ శాఖ మీద కూడా రేపు మేం వార్త రాయాల్సి రావచ్చు.

ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు హనుమకొండలో మొదటి సమావేశం. మండలాల నుంచి వచ్చేవాళ్లకు భూకంపాల గురించి రెండు గంటలు చెప్పడానికి ఒకరు కావాలి. ఆ జీవో ఈలోగా వస్తే మేం పిలిచినవాళ్లు కాదనకుండా వస్తారు. మీరూ వచ్చి వెనక కుర్చీలో కూర్చుని వింటే మాకు సంతోషం.

ఇట్లు
హనుమకొండ నుంచి ఒక విలేకరి