పంట సలహా సరే, బేరం సలహా ఎవరిస్తారు?

సంపాదకుడు గారికి,

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టుకోండి, మీ సరుకు మీరే అమ్ముకోండి అని 2020 నుంచి కేంద్రం గట్టిగా చెబుతోంది. పదివేల సంఘాల పథకం కింద ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చులకు మూడేళ్లకు రూ.18 లక్షల దాకా ఇస్తారు. ఆ తర్వాత సీఈఓ జీతం కూడా సంఘం సంపాదించుకోవాల్సిందే. మరి వ్యాపారం నేర్పేదెవరు? ఊళ్లో మాకు దొరికే సర్కారు సలహాదారు రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడే.

మిర్చికి నల్ల తామర పురుగు పడితే ఏం కొట్టాలో ఆయనకు బాగా తెలుసు. మా సంఘం అడిగే ప్రశ్నలు వేరు. తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) ఇప్పుడే గుంటూరు మార్కెట్ యార్డుకు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? పెడితే అద్దె, బీమా, వడ్డీ, తరుగు పోను క్వింటాలుకు ఎంత పెరిగితే గిట్టుతుంది? తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఏరించిన కూలి ధరలో తిరిగొస్తుందా? యార్డు గుమస్తాకు ఇదంతా నోటి లెక్క. బీఎస్సీ అగ్రికల్చర్ చదివిన కుర్రాడికి దీన్ని ఇంత దగ్గరగా చూపించినవాళ్లు లేరు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, క్వింటాలుకు రూ.11,781 చొప్పున కేంద్రం మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చినప్పుడు ఈ లోటు బాగా తెలిసొచ్చింది.

సొంతంగా వ్యాపారం పెట్టుకునే వ్యవసాయ పట్టభద్రులకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) ద్వారా 2002 నుంచి అగ్రి క్లినిక్ శిక్షణ (ఇప్పుడు 45 రోజులు) నడుస్తోంది. అలాంటిదే ఉద్యోగంలో ఉన్న సహాయకులకూ ఇవ్వొచ్చు. ఏసీ హాల్లో స్లైడ్లు చూపించి పంపితే మాత్రం దండగ. సరుకు పోటెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్నాళ్లు యార్డులో, కోల్డ్ స్టోరేజీలో, ఎగుమతిదారు గోదాములో కూర్చోబెట్టాలి. ఒక సంఘం సీజన్ లెక్కలు తేల్చి చూపించాకే సర్టిఫికెట్.

ఇప్పుడేమో ఈ-క్రాప్ (ఆన్‌లైన్ పంట నమోదు), ఈ-కేవైసీ, ఎరువుల పంపిణీతోనే వ్యవసాయ సహాయకుడికి పొద్దుగూకుతోంది. పైగా 'ఆగండి' అని చెప్పాక ధర తగ్గితే నింద తన మీదికొస్తుందని భయం. ఎందుకొచ్చిన గొడవని 'మీ ఇష్టమండీ' అనేస్తారు. లెక్క రాసి చూపించి నిజాయితీగా ఇచ్చిన సలహా తప్పినా మెమో ఇవ్వబోమని శాఖ ఉత్తర్వు తేవాలి. నిర్ణయం, డబ్బు మాత్రం సంఘం చేతిలోనే ఉండాలి. (వ్యాపార దృష్టి పేరుతో సహాయకులకు పురుగుమందుల టార్గెట్లు పెడతారేమోనని మా వాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. ఆ పని మాత్రం చేయకండి.)

వచ్చే పంట యార్డుకు రాకముందే గుంటూరు, పల్నాడు జిల్లాల్లో దీన్ని మొదలుపెట్టాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సంఘం సభ్యుడు,
పల్నాడు జిల్లా