అడిగి రాసుకున్నది మాకూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలోని ఒక విశ్వవిద్యాలయ సోషియాలజీ (సమాజశాస్త్ర) విభాగం సాధించిన విజయాల మీద మీ సిటీ పేజీలో వచ్చిన వార్త చదివాను. డాక్టరేట్లు ఎందరికి వచ్చాయి, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష), జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) ఎవరు కొట్టారు, ఏయే సెమినార్లు పెట్టారు, అన్నీ ఉన్నాయి. సంతోషమే. కానీ ఇంత పరిశోధనలో ఏం తేలిందో ఒక్క ముక్క లేదు. విలేకరి అడగలేదో, వాళ్లు చెప్పలేదో!

నేను అడ్డగుట్టలో సర్కారు ప్రాథమిక బడి టీచర్‌ని. బస్తీ మీద రీసెర్చి చేసేవాళ్లు ముందు బడికే వస్తారు. ఆ మధ్య ఒక అమ్మాయి వస్తే మా బడి పిల్లవాడి ఇంటికి నేనే తీసుకెళ్లాను. తల్లి పాలమూరు నుంచి వచ్చి నాలుగిళ్లలో పని చేసుకుంటోంది. చాటలో బియ్యం ఏరుతూనే జవాబులు చెప్పింది. పట్నం ఏ సంవత్సరంలో వచ్చారంటే, "మా పెద్దపిల్ల కడుపుల ఉన్నప్పుడు" అంది. కుటుంబ ఆదాయం ఎంతంటే, "నాది చెప్పాల్నా, ఆయన సంపాయించేది చెప్పాల్నా, ఇంట్ల ఇచ్చేది చెప్పాల్నా?" అని ఎదురడిగింది. ఫారంలో ఉన్నది ఒక్కటే గడి. అమ్మాయి కాసేపు పెన్ను పట్టుకుని ఆగి, మూడూ పక్కన ఖాళీలో రాసుకుంది. నాకు ముచ్చటేసింది. ఆ మూడు జవాబుల తేడా మీదే ఒక థీసిస్ రాయొచ్చు.

మేం లేచేటప్పుడు ఆ తల్లి అన్నది మాత్రం ఇది: "రాసుకపోతరు మేడం, మల్ల ఎవ్వరు రారు."

థీసిస్‌లన్నీ, దేశంలోని విశ్వవిద్యాలయాల పరిశోధనలు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. ఇంగ్లిష్‌లో, వందల పేజీల్లో. ఆమె ఎక్కడ చదువుతుంది?

సోషియాలజీకి మన ఊళ్లో మంచి ఆరంభమే ఉంది. 1950ల మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి సమాజ పరిశోధకుడు ఎస్.సి. దూబే బృందం శామీర్‌పేటకు వెళ్లింది. ఇప్పుడు నల్సార్ లా యూనివర్సిటీ, ఔటర్ రింగు రోడ్డు ఉన్న శామీర్‌పేటే, అప్పుడది పల్లె. ఆ అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చి దేశదేశాల్లో పాఠమైంది. నాకు నచ్చేది వేరే సంగతి. ఆ బృందంలో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం వాళ్లూ ఉన్నారు. ప్రశ్నలు అడగడంతో పాటు ఊరికి పనికొచ్చే పనీ పెట్టుకున్నారన్నమాట. ఇవాళ పీహెచ్‌డీ విద్యార్థి వెంట డాక్టర్‌ని పంపమని నేననడం లేదు, ఫెలోషిప్ నెలనెలా పడితే అదే గొప్ప.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం చేయించిన కులగణనకు ఎన్యూమరేటర్‌గా నేనూ ఇల్లిల్లూ తిరిగాను. 75 ప్రశ్నలు. గుమ్మంలో విసుక్కున్నవాళ్లున్నారు, తలుపేసుకున్నవాళ్లున్నారు. మరుసటి ఫిబ్రవరిలో, ముస్లింలలోని బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతమని లెక్క బయటికి రాగానే ఆ విసుక్కున్నవాళ్లే "గింత మందిమి ఉన్నమా" అని చాయ్ బండి దగ్గర వాదించుకున్నారు. లెక్క తప్పన్నవాళ్లూ ఉన్నారు. అననివ్వండి, చేతికొస్తేనే కదా తప్పో ఒప్పో అనేది.

కాబట్టి మీ విలేకరులు ఈసారి ఏ విభాగం విజయాలు రాసినా, "ఏం తెలుసుకున్నారు?" అని ఒక్క ప్రశ్న అడగాలి. విభాగాల వాళ్లు ప్రతి థీసిస్‌కూ రెండు పేజీల తెలుగు సారాంశం రాయించి, ఏ బస్తీలో తిరిగారో ఆ బస్తీ బడికి ఒక కాపీ ఇవ్వాలి. జవాబులు చెప్పినవాళ్ల పేర్లు అందులో రాకూడదు, అది విభాగాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి నెలా మూడో శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంటుంది. పనుల వల్ల తండ్రులు తక్కువే వస్తారు గానీ తల్లులు వస్తారు. ఎవరైనా వచ్చి చదివి వినిపిస్తామంటే మా హెడ్మాస్టర్‌ని నేను ఒప్పిస్తాను.

ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు,
అడ్డగుట్ట, సికింద్రాబాద్