ఆరోగ్య శాఖ మంత్రి గారికి: మా పెద్దమ్మకి రెండోసారి వచ్చింది పాత క్యాన్సర్ కాదు సార్

గౌరవనీయులైన మంత్రి గారికి విశాఖపట్నం నుంచి నమస్కారం.

మా పెద్దమ్మది భీమిలి. పెళ్ళికి ముందు నుంచీ అడ్డపొగే, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం, మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకి ఈ అలవాటుందని మీకు తెలిసే ఉంటుంది. అంగిట్లో క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ చేశారు, రేడియేషన్ పెట్టారు, తగ్గిపోయిందన్నారు. ఐదేళ్ళకి అన్నం మింగుడు పడట్లేదంటే అందరూ "అదే తిరగబెట్టింది" అన్నారు. టెస్టులు చేస్తే అది వేరేది, ఆహార నాళంలో కొత్తగా పుట్టిందంట.

ఒకే మనిషికి రెండు క్యాన్సర్లేంటి, ఏ జన్మ పాపమో అని ఏడ్చాం గానీ పాపం కాదు సార్, పొగ. అది అంగిలి దగ్గరే ఆగదు కదా, నోరు, గొంతు, ఆహార నాళం, ఊపిరితిత్తులు అన్నీ ఏళ్ళ తరబడి పాడవుతాయి, ఒకచోట గడ్డ కోసేసినా చుట్టూ మిగిలింది పాడైన పొరే. స్లాటర్ అనే డాక్టరూ ఆయన టీమూ 1953లోనే నోటి క్యాన్సర్ల గురించి ఇది రాశారు. దానికి మందు తాగే అలవాటు తోడైతే ఇంకా ముప్పు.

అందరిదీ పొగ కథ కాదులెండి. బీఆర్‌సీఏ అనే జీన్‌లో పుట్టుకతోనే తేడా ఉంటే రొమ్ము క్యాన్సర్ తగ్గినావిడకి అండాశయంలో రావచ్చు, లించ్ సిండ్రోమ్ అని వంశంలో వచ్చే జీన్ లోపం ఉన్న ఇళ్ళల్లో పెద్దపేగుకొచ్చి తర్వాత గర్భసంచికి రావచ్చు. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ పెట్టించుకున్న ఆడపిల్లలకి ఏళ్ళ తర్వాత రొమ్ములో వచ్చే ముప్పుంది. అలాగని రేడియేషన్ వద్దని ఎవరూ అనుకోకండి, మా పెద్దమ్మ ఆ ఐదేళ్ళు బతికిందే వైద్యం వల్ల.

అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, కేజీహెచ్ ఉంది, పెద్ద డాక్టర్లకి ఇదంతా తెలుసు. ఇంటింటికీ స్క్రీనింగ్‌కి కూడా వస్తున్నారు, మంచిదే. కానీ మా ఇంటికొచ్చినమ్మాయి "ఈవిడకి అయిపోయింది కదండీ" అని పక్కింటికెళ్ళిపోయింది. ఒకసారి తగ్గినవాళ్ళకే కదా ముందు చూడాల్సింది? వాళ్ళ పేర్లతో వేరే లిస్టు పెట్టి మానకుండా చెకప్‌కి పిలిపించండి, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగించండి, అవసరమైనవాళ్ళకి జీన్ టెస్టు ఫ్రీగా చేయించండి. ఆపరేషన్ చేసిన చోటే పొగ మాన్పించే కౌన్సెలర్ కూడా ఉండాలి.

పెద్దమ్మ మొదటి డిశ్చార్జి కాగితం మొన్న మళ్ళీ తీసి చూశాను. బీపీ మాత్ర ఎన్నింటికి వేసుకోవాలో రాసుంది, చుట్ట మానమని ఒక్క ముక్క లేదు. ఇంటికొచ్చిన ఆర్నెల్లకే మళ్ళీ వెలిగించింది.

ఇట్లు,
భీమిలి ఆడపడుచు